ఎంచొద్దన్న గింజలు

మా అత్త విత్తనాల కుండ నా చేతుల మీదుగానే ఖాళీ అయింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్త అది. నాకు పెళ్లయి రెండో ఏడు.

ఆ బొబ్బర్లు బజార్లో దొరికేవి కావు. చీడికాడ దగ్గర తన పుట్టింటి నుంచి అత్త కొంగున కట్టుకుని తెచ్చినవి. ఏటేటా పండినవాట్లో కొన్ని బూడిద కలిపి కుండలో పోసి అటక మీద పెట్టేది. ఎర్రటి గింజ, నల్లటి కన్ను. ఒకటి చింతపిక్కలో సగం ఉంటే ఇంకొకటి కందిగింజంత. ఒక్క కాయలోనే పెద్దా చిన్నా అన్నీ ఉండేవి. "ఒక తల్లి పిల్లలు ఒక్కలాగే ఉంటారేటి?" అని నవ్వేది.

ఆ వేసవి చివర్లో నాతవరంలో మా ఆడపడుచుకి పురుడు. అత్త వెళ్తూ వెళ్తూ కుండ నాకు అప్పజెప్పింది.

"వాన పడగానే మెట్టలో ఎయ్యమ్మీ. ఎంచకు. ఎలాగున్నయి అలాగే ఎయ్యి."

సరేనన్నాను. కానీ నాకు చదువొచ్చు కదా! బడి మొహం చూడకపోయినా మా నాన్న ప్రార్థన పాటల పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. ఆ చదువుకి ఇప్పటికీ దేవుడికి స్తోత్రం చెప్పుకుంటాను. దాంతో వచ్చిన గర్వం మాత్రం నాదే. అనకాపల్లిలో ఎరువుల కొట్టు గోడకి ఒక కాగితం అంటించి ఉండేది. పెద్ద గింజలు, ఒకే సైజువి ఎంచి, నానబెట్టి వెయ్యండి అని అందులో చదివాను. అత్తకి చదువు రాదు. అచ్చులో ఉన్నది తప్పెలా అవుతుంది అనుకున్నాను.

జల్లెడ పట్టాను. చిన్నవన్నీ కిందికి రాలాయి. ఆ వారం సంఘంలో ఆడవాళ్ల ప్రార్థన కూడిక మా ఇంట్లోనే. వాటిని ఉడకేసి గుగ్గిళ్లు పంచాను.

"ఎంత కమ్మగున్నయొదినా! మీ అత్తొచ్చీదాకా కుండైనా మిగుల్తాదా?" అంది పక్కింటావిడ. అందరం నవ్వాం.

పెద్దవి నానబెట్టాను. తెల్లారేసరికి కొన్ని ఉబ్బనే లేదు. పప్పులో ఎంతకీ ఉడకని రాయి గింజల్లా అలాగే ఉన్నాయి. పనికిరావనుకుని ఇంటి వెనక బట్టలుతికే బండ దగ్గర పారబోశాను.

తొలి వానకి వేశాం. నాలుగో రోజుకి చేనంతా ఒక్కసారే మొలిచింది. "ఏటే, దారం కట్టి ఎట్టినట్టు లెగిసేయి!" అన్నాడు మా ఆయన. దేవుడికి కృతజ్ఞత చెప్పాను. అందులో సగం నాకు నేనే చెప్పుకున్నానేమో.

ఆ తర్వాత ఇరవై రోజులు చినుకు లేదు. అన్నీ ఒకే వయసు మొక్కలు, అన్నిటికీ ఒకేసారి దాహం. బోరింగు నుంచి మెట్ట మీదికి ఎన్ని బిందెలు మొయ్యగలం? అన్నీ ఎండిపోయాయి. మళ్లీ వానలు పట్టేసరికి మొలవడానికి మట్టి కింద ఒక్క గింజ లేదు.

శ్రావణంలో అత్త వస్తున్నట్టు కబురొచ్చింది. ఆ పొద్దున భయంతో పెరడంతా తెగ శుభ్రం చేశాను. బండ దగ్గర మొలిచిన పిచ్చి మొక్కలన్నీ పీకి పెంటకుప్ప మీద పడేశాను.

అత్త వస్తూనే చేను చూసొచ్చి గుమ్మంలో కూర్చుంది.

"అన్నీ ఒక్కపాలే, ఒక్క రోజునే లెగిసేయా?"

"అవునత్తా."

"సిన్నవేటి సేసేవే?"

"గుగ్గిళ్లు... ప్రార్థనకి."

"పోన్లే, దేవుడి పేరున తిన్నారు. సిన్నవి పిరికివమ్మీ. పెద్దలకి ఏటయిందో సూసి గానీ బయటికి రావు. రాయి గింజలైతే మరీను, రెండు మూడు వానలు తడిత్తే గానీ కన్ను తెరవవు. ఆటి కోసమే ఎంచొద్దన్నాను."

"నానని గింజలు కొన్ని బండ దగ్గర పారబోశానత్తా" అన్నాను. ఆ మాట నోట్లో ఉండగానే పొద్దున పీకినవి గుర్తొచ్చాయి. మూడేసి ఆకులు. లేత తీగ.

ఇద్దరం పెంటకుప్ప దగ్గరికి పరిగెత్తాం. మూడు దొరికాయి, వేళ్లు వడిలిపోయి. అత్త వాటిని అక్కడే బండ పక్కన నాటింది. విరిగిన చేట అడ్డంపెట్టి నీడ చేసింది. రోజూ పొద్దున్నే ప్రార్థన కాగానే వెళ్లి వాటి ముందు గొంతుక్కూర్చునేది. ఆరు రోజులు వెళ్లింది. ఏడో రోజు వెళ్లలేదు. ఆ వేళ కుండ కడిగి బోర్లించాను.

ఆ కాగితాన్ని తప్పు పట్టను. అది నీళ్లున్న భూమికి రాసింది. మా మెట్టకి ఆకాశం తప్ప వేరే నీరు లేదు. అది తెలిసిన మనిషి నోటితో చెప్పినా నేను వినలేదు.

మరుసటేడు నుంచీ బజారు విత్తనమే వేశాం. ఆ బొబ్బర్లు ఏమయ్యాయని ఊళ్లో ఎవరడిగినా, "వాన లేక పోయేయి" అనేది అత్త, నా వైపు చూడకుండా. అది నిజమే, కాకపోతే సగం. మిగతా సగం ఇప్పటికీ ప్రార్థనలో నేనే చెప్పుకుంటూ ఉంటాను.