తప్పు సీసా

మొన్న మిర్యాలగూడలో పళ్ళ డాక్టరు గారు పుక్కిలించమని ఇచ్చిన చిన్న కప్పు నోటి దగ్గరికి తెచ్చుకోగానే, లవంగం, పుదీనా కలిసిన వాసన తగిలి కప్పు పక్కన పెట్టేశాను. నొప్పికి భయపడుతున్నాననుకుని కోడలు భుజం నిమిరింది గానీ, నేనప్పుడు ముప్పై ఏళ్ళ కిందట, నడిగూడెం దగ్గరి ఒక తండా బడి వరండాలో ఉన్నాను.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. కోదాడలో ఒక పళ్ళ డాక్టరమ్మ దగ్గర సహాయకురాలిగా చేరి ఏడాది కాలేదు. పుచ్చిన పన్ను పీకడం కంటే పుచ్చకుండా చూడడమే అసలు వైద్యమని నమ్మిన మనిషి ఆవిడ. లవంగ నూనె, పుదీనా నూనె, వాము పువ్వు కొద్దికొద్దిగా వేసి, బాగా పలచన చేయించిన మందుతో నెలకోసారి పల్లె బళ్ళకు వెళ్ళి పిల్లలచేత పుక్కిలింపజేసేది. మందు కలపడం, సీసాలకు చీటీలు అంటించడం నా పని.

ఆ రోజు బయలుదేరే తొందరలో చీటీలు అంటించలేదు. నొప్పి ఉన్న పంటి మీద దూదితో అద్దడానికి తెచ్చిన అచ్చమైన లవంగ నూనె సీసా, పుక్కిలింత మందు సీసా ఒకే తీరుగా ఉన్నాయి. పన్ను సలుపుతో చెంప పట్టుకుని వరుసలో మొదట నిలబడ్డ ఆరేళ్ళ పాపకు నేను కప్పులో పోసింది నూనె. పుక్కిలించడం తెలియని ఆ పిల్ల ఒక్క గుక్కలో మింగేసి, గొంతు పట్టుకుని కేక పెట్టింది. కాసేపటికి కళ్ళు మూతలు పడసాగాయి.

"ఏ సీసాలోది పోశావు? నిజం చెప్పు," అని డాక్టరమ్మ నా రెండు భుజాలూ పట్టుకుని అడిగింది. పలచటి మందే అంటే నా ఉద్యోగం నిలుస్తుంది, పిల్లకు అందవలసిన వైద్యం మాత్రం ఆలస్యమవుతుంది. ఆ ఒక్క క్షణం తటపటాయించినందుకు నేటికీ సిగ్గుపడతాను. నూనె సీసా చేతిలో పెట్టి ఏడ్చేశాను.

జీపులో సూర్యాపేట దవాఖానకు పరుగెత్తాం. పాపను ఒళ్ళో పడుకోబెట్టుకున్న తల్లి, "కండ్లు తెరుస్తలేదేందమ్మా నా బిడ్డ? ఏం తాపిన్రు?" అని అడుగుతుంటే, తప్పు సీసా పోసింది నేనేనని చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. సూర్యాపేట చేరేదాకా పాప చెంపలు తట్టి పిలుస్తూనే ఉంది. ఆ పిలుపు వినడం కంటే చెంపదెబ్బ నయమనిపించింది.

ఆ రాత్రి, మరునాడు డాక్టర్లు పాప మంచం దగ్గరినుంచి కదలలేదు. మూడో రోజు పొద్దున పాప కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. ఇంటికి పంపిన నాడు తల్లి ఆ పిల్లను చెయ్యి పట్టుకుని దవాఖాన వరండాలో ఉన్న నా దగ్గరికే తీసుకొచ్చి నోరు తెరిపించింది.

"పన్ను సలుపు తగ్గలే. నువ్వే సూడు. ఈసారి జర వాసన సూసి పొయ్యి," అన్నది.

ఇప్పుడు పన్ను ముట్టుకోవాలన్నా ముందు కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. అది ఉండవలసిందే, నాలాంటి వాళ్ళ వల్లనే వచ్చిందేమో కూడా. అయినా, తప్పు చేసిన మనిషి చేతికే మళ్ళీ బిడ్డనిచ్చే తల్లి ఈ రోజుల్లో ఎక్కడైనా ఉందా అనుకుంటాను. ఉండాలని కోరడానికి మాత్రం నాకు నోరు రాదు.