రష్యాగారి చంకలో పుస్తకం

రష్యాగారికి ఉన్నది ఒకటే జబ్బు: చంకలో పుస్తకం లేకుండా గడప దాటరు. ఏదో ఒక పుస్తకం కాదు. రైలు పట్టాలు వేసే విద్య మీద రష్యన్ భాషలో ఎనభై ఏళ్ళ కిందట అచ్చయిన నాలుగు కిలోల బండ. రైల్వే శిక్షణ కేంద్రంలో ఆయన లైబ్రేరియన్. ఆయనకి రష్యన్ రాదు. ఆ కేంద్రంలో ఇంకెవరికీ రాదు. అయినా ఆ పుస్తకం పుణ్యమా అని అందరికీ ఆయన రష్యాగారే.

సెలూన్‌కి వెళ్తే పుస్తకం ఒళ్ళోనే. మీద గుడ్డ కప్పగానే నిండు చూలాలిలా కనిపించేవారు. మేనకోడలి పెళ్ళిలో పెళ్ళికూతురు కానుకనుకుని రెండు చేతులూ చాచింది. "ఇది నాతో వచ్చిందమ్మా, నీకోసం రాలేదు" అనేశారు.

లైబ్రరీలో పుస్తకాల వివరాలు కార్డుల మీద రాసే ఆవిడని ఆయన కార్డులమ్మ అని పిలిచేవారు. ఆవిడకి ఈ పిచ్చి చూస్తే నవ్వూ వచ్చేది, ఒళ్ళూ మండేది. నిచ్చెన పట్టుకోమంటే ఆయనకి ఒక చెయ్యే ఖాళీ!

ఇంతలో కొత్త ప్రిన్సిపాల్ వచ్చాడు. పదేళ్ళుగా ఎవరూ ముట్టని పుస్తకాలన్నీ తుక్కుకి పంపమన్నాడు. రష్యాగారు మూడొందలు పంపారు, ఒక్కటి తప్ప.

"దీన్నెవరు చదువుతారండీ?" అన్నాడు ప్రిన్సిపాల్.

"చదివేవాళ్ళు చదువుతారు."

"మీరు చదవగలరా?"

రష్యాగారు కళ్ళజోడు సర్దుకుని, పుస్తకం తెరిచి, గడగడా ఒక పేజీ అప్పజెప్పేశారు. ప్రిన్సిపాల్ నోరు వెళ్ళబెట్టాడు. పుస్తకం తలకిందులుగా ఉన్న సంగతి కార్డులమ్మ ఒక్కతే చూసింది.

"దానర్థమేమిటి?"

"చదవగలరా అన్నారు, చదివాను. అర్థం అడగలేదుగా!"

"శుక్రవారంలోగా తుక్కులో పడకపోతే మీమీద చర్య తీసుకుంటాను."

"తీసుకోండి. పుస్తకం మాత్రం తీసుకోలేరు."

గురువారం మధ్యాహ్నం ఆయన మామూలుగానే గంటసేపు మాయమయ్యారు. అర్జంటుగా సంతకం కావలసి, కార్డులమ్మ కాగితం పట్టుకుని ఆయన వెనకే వెళ్ళింది. క్వార్టర్స్ వెనక వీధిలో చివరి ఇంటి తలుపు తెరిచే ఉంది. లోపల కుర్చీలో తెల్లజుట్టు విదేశీ ముసలావిడ. ఎదురుగా ఒళ్ళో పుస్తకం తెరిచి పట్టుకున్న రష్యాగారు. ఆవిడ పేజీలు తిప్పుతూ, ప్రేమకథ చదివినట్టు మురిసిపోతూ చదువుతోంది. ఈయన ఒక్క ముక్క తెలియకపోయినా తల ఊపుతున్నారు. ప్రిన్సిపాల్ ముందు ఆయన అప్పజెప్పిన పేజీ ఎక్కడిదో కార్డులమ్మకి అప్పుడు తెలిసింది.

ఒకప్పుడు ఇక్కడ పాఠాలు చెప్పిన ఇంజనీరు భార్య ఆవిడ. ఆయన రష్యాలో చదువుకుని వస్తూ ఆ పుస్తకాన్నీ, ఈవిడనీ వెంటబెట్టుకొచ్చాడు; పుస్తకాన్ని లైబ్రరీకి ఇచ్చేశాడు. ఆయన పోయాక ఆవిడ భాష వినే మనిషి ఊళ్ళో లేకుండా పోయాడు.

"పట్టాల వంపుల గురించి వింటే ఏం లాభం సార్?" అంది కార్డులమ్మ మెల్లిగా.

"నాకేం లాభం లేదు. ఆవిడ గొంతు విప్పుతుంది కదా."

"మరి ఆవిడకే ఇచ్చేయొచ్చుగా?"

"రిఫరెన్స్ పుస్తకం, బయటికి ఇవ్వకూడదు. నేనివ్వలేదు. చూడు, పట్టుకునే ఉన్నాను!"

"ఈ సంగతి ప్రిన్సిపాల్‌తో చెప్పి ఉంటే..."

"ఏం చెప్పను? ఒకావిడ ఒంటరితనాన్ని ఫైల్లో పెట్టమంటావా?"

కార్డులమ్మ సంతకం అడగడం మర్చిపోయింది. ముసలావిడ ఇచ్చిన టీ తాగి, తిన్నగా లైబ్రరీకొచ్చి, నిబంధనల పుస్తకం దుమ్ము దులిపింది. మాజీ ఉద్యోగుల కుటుంబాలకి సభ్యత్వం ఇవ్వొచ్చని అందులో ఉంది. ముసలావిడ పేర సభ్యత్వం రాసి, ఆ పుస్తకం కార్డు మీదున్న రిఫరెన్స్ అన్న ముద్ర మీద అడ్డంగా ఒక గీత గీసి, కింద తన సంతకం పెట్టింది. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఆవిడ చేసిన మొదటి తప్పు అదే. చేశాక ఆకలి కూడా బాగా వేసింది.

శుక్రవారం ప్రిన్సిపాల్ వచ్చేసరికి రష్యాగారి చంక ఖాళీ. రష్యాగారు నోరు తెరిచేలోపే కార్డులమ్మ అడ్డొచ్చింది.

"ఆ పుస్తకం పాఠకురాలి దగ్గరుంది సార్. వాడుకలో ఉన్న పుస్తకాన్ని తుక్కులో వేయకూడదు. రిఫరెన్స్ ముద్ర మీద గీత గీసింది నేనే. చర్యేదైనా ఉంటే నామీద తీసుకోండి."

ప్రిన్సిపాల్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఎప్పటికి తిరిగిస్తుంది?"

"చదవడం అయిపోగానే సార్."

"ఎప్పుడవుతుంది?"

"మొన్ననే ఆరోసారి మొదలుపెట్టారు."