రాతిపెట్టెలో కత్తి

ఆబిడ్స్ వెనక గల్లీలో మేం కిరాయికుండేవాళ్ళం. ఇల్లుగలావిడకి మా మీద మొదటినుంచీ అనుమానమే. గుంటూరు నుంచి వచ్చినవాళ్ళం. పైగా నా ఉద్యోగమేమిటో ఆవిడకు అంతుపట్టేది కాదు. నాంపల్లి స్టేషన్ దగ్గర, తవ్వకాల ఆఫీసులో బొమ్మలు గీసేదాన్ని. పాత సమాధి తెరిచినప్పుడు ఎముక ఎక్కడుంది, కుండ ఎక్కడుంది అన్నది కొలిచి, ఉన్నది ఉన్నట్టు కాగితం మీదికి ఎక్కించడం నా పని. అది విన్నాక కొన్నాళ్ళపాటు ఆవిడ మా వంటింటి గడప తొక్కలేదు.

ఆ చలికాలం మా ఆఫీసువాళ్ళు నల్లగొండ వైపు ఒక ఊళ్ళో తవ్వాలనుకున్నారు. ఊరి పొలిమేరలో గుండ్రంగా పేర్చిన పెద్ద పెద్ద రాళ్ళున్నాయి. అక్కడివాళ్ళు వాటిని రాకాసిగుళ్ళు అంటారు. మాటల్లో ఆ ఊరిపేరు చెప్పగానే, బియ్యం ఏరుతున్న ఆవిడ చేట కింద పెట్టేసింది. అది ఆవిడ పుట్టిన ఊరట. ఆ రాళ్ళ కింద ఉన్నది తమ ఇంటి ఆడిబిడ్డ అని చెప్పింది. దోపిడీగాళ్ళు ఊరి మీద పడితే కత్తి పట్టి నిలబడిందట. చనిపోయాక కత్తితోనే పూడ్చిపెట్టారట.

ఆ రోజునుంచి నేను ఇల్లు చేరేసరికి గుమ్మంలో ఉండేది. ఎప్పుడు తవ్వుతారు, కత్తి దొరికితే ఎవరు తీసుకుపోతారు, ఇదే ఆరా. అంత ఆత్రం ఎందుకని నాకు అనుమానమొచ్చింది. ఆ రాళ్ళున్న పొలం గురించి వాళ్ళ అన్నదమ్ములకు ఏదో తగువు ఉందని పక్కింటివాళ్ళు అన్నారు. సమాధి మాదని తేలితే నేల కూడా మాదేనంటారేమో అనుకున్నాను. ఆవిడేమో మా ఆఫీసువాళ్ళం కత్తిని ఎక్కడో అమ్ముకుంటామని అనుకుంటోంది.

మా ఆఫీసరుగారికి ఈ కథ చెప్పాను. పెద్దాయన, నిదానస్తుడు. "కథ చెవిలో పెట్టుకుని తవ్వితే కథే కనిపిస్తుంది. ఆ ఇంట్లో ఇక నోరు విప్పకండి" అన్నారు.

ఆ ఊళ్ళో గుడారాలు వేసుకుని తవ్వకం మొదలుపెట్టాం. బండల కింద నాలుగు పలకలతో కట్టిన రాతిపెట్టె బయటపడింది. మూత బండ పక్కకు జరపగానే లోపల ఒకే ఒక మనిషి ఎముకలు. మెడ దగ్గర ఎర్రరాతి పూసలు. కుడిచేతి పక్కన, మోచేతినుంచి మోకాలిదాకా, తుప్పుపట్టిన కత్తి.

ఎవరూ సంతోషించలేదు. నాకు ముందు కలిగిన ఆలోచన, అచ్చం కథలోలాగే ఉన్న దీన్ని ఇక్కడ ఎవరు తెచ్చి పెట్టారని. ఆఫీసరుగారికీ అదే వచ్చినట్టుంది. మూత బండ ఒక మూల పగిలి ఉంది. ఆ సందులో మన్ను వదులుగా ఉంది. అందులో ఒక మట్టి ప్రమిద దొరికింది, అంచున మసి ఇంకా అలాగే ఉంది. అది ఏ కాలందైనా ఆ సమాధి కాలంది మాత్రం కాదు. ఆఫీసరుగారు దాన్ని అరచేతిలో పెట్టుకుని నావైపు చూశారు. మనం ఇక్కడ తవ్వుతున్నామని ఎవరెవరికి చెప్పారని అడిగారు. గుడారం వెనక్కి వెళ్ళి ఏడ్చాను.

మర్నాడు కత్తిని కదిలించబోతే అది రాలేదు. తుప్పు చేతి ఎముకలోకి దిగి, ఎముకా ఇనుమూ ఒక్కటై గట్టిపడ్డాయి. మొన్న మొన్న తెచ్చి పెడితే అలా కాదు. ఆఫీసరుగారు నన్ను పిలిచి అది చూపించారు. క్షమించమని అనలేదు గాని, ఆ పూట తన ఫ్లాస్కులో టీ నాకు పోశారు.

కత్తి సంగతి చెప్పకుండా మిగతా ఎముకలను ఎముకల గురించి బాగా తెలిసిన ఒక డాక్టరమ్మకు చూపించారు. ఆవిడ నాంపల్లి ఆఫీసుకొచ్చి, బల్లమీద తుంటి ఎముకలు రెండూ పక్కపక్కన పెట్టి, ఆడమనిషేనంది. ఆఫీసరుగారు రెండోసారి అడిగారు. ఆవిడ మళ్ళీ అదే చెప్పింది.

ఇక నా అనుమానం కథ మీదికి పోయింది. ఆ సమాధి రెండు వేల ఏళ్ళకు పైబడ్డది. అంత పాత సంగతి ఒక ఇంటివాళ్ళకు ఎలా గుర్తుంటుంది? ఎవరో ఎప్పుడో ఆ మూల పగలగొట్టి చూసి ఉంటారు. పూసలూ కత్తీ కనిపించి, భయపడి, దీపం పెట్టి మూసేసి ఉంటారు. కథ అక్కడ పుట్టి ఉంటుంది.

ఇల్లుగలావిడకు ఇదంతా చెప్పాను. ఆవిడకు పాత మాటొకటి గుర్తొచ్చింది. బావికి బండ కావాలని మగవాళ్ళు ఆ రాళ్ళ దగ్గరికి పోయి ఉత్తచేతులతో తిరిగొచ్చారని, ఎందుకో ఎవరూ చెప్పలేదని వాళ్ళ అవ్వ అనేదట.

"అంటే మా ముచ్చట అబద్ధమా బిడ్డా?"

"కాదు పెద్దమ్మగారూ. చూసినదాన్ని బట్టి అల్లుకున్నారు."

"మరి దొంగలు వచ్చింది? గామె కొట్లాడింది?"

అది ఎముకలు చెప్పవన్నాను. ఆవిడ నమ్మలేదు. నేను నమ్మించాలనీ చూడలేదు.

రిపోర్టులో ఆఫీసరుగారు 'స్త్రీ' అని రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టారు. మగవాడైతే ఈ గుర్తు పెట్టేవారా అని అడిగాను. కాస్త ఆలోచించి, పెట్టేవాణ్ణి కాదని ఒప్పుకున్నారు. గుర్తు మాత్రం చెరపలేదు.

వస్తువులు మ్యూజియానికి పోయే ముందు, ఆయన అనుమతితో ఇల్లుగలావిడను ఆఫీసుకు తీసుకెళ్ళాను. కొంగు తలమీదికి లాక్కుని బల్ల దగ్గర నిలబడింది. కత్తిని ముట్టుకోలేదు. పక్కనున్న ఎడమచేతి ఎముక మీద ముడిలా లేచినచోటు ఏమిటని అడిగింది. విరిగి మళ్ళీ అతుక్కుందని డాక్టరమ్మ చెప్పినమాట చెప్పాను. దెబ్బ తగిలి విరిగిందో, ఎక్కడైనా జారిపడిందో తెలియదని కూడా చెప్పాను.

"అతుక్కున్నదంటే, తర్వాత గూడ మంచిగ బతికిందన్నట్టే గద?" అంది.

"ఔనండీ, చాలా ఏళ్ళు."

అది చాలన్నట్టు తలూపి, బయటికి నడిచి, రిక్షా పిలవమంది.