నసీమా చెప్పని మూడు జబ్బులు

ఒమన్ దేశపు సలాలాలో కొబ్బరితోటల వెంట పోయే రోడ్డు మీద వరసగా టెంకాయ నీళ్ల బంకులుంటాయి. అందులో ఒకటి మా బాషాది. ఆ బంకు వెనక పెరిగిన అతని కూతురు నసీమా. ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడగకపోయినా రాస్తాను. చూసినవాణ్ని నేను, రాయాల్సిందీ నేనే.

నా గురించి రెండు మాటలు. పేరు రామసుబ్బయ్య. రాయచోటి దగ్గర పల్లెబడిలో ఏడో తరగతి దాకా చదివి, ఇక్కడికి తోటపనికి వచ్చి, అదే తోటకు మేస్త్రీనయ్యాను. అరబ్బీలో బేరమాడతాను, మలయాళంలో తిట్టగలను. అరటిగెలను ఒక్కసారి తట్టి చూస్తే ఎప్పుడు పండుతుందో చెబుతాను. మా అర్బాబు, అంటే తోట యజమాని, తన కొడుకు పెళ్లిలో నన్ను ముందు వరసలో కూర్చోబెట్టాడు. బాషాకు, అతని పెళ్లాం ఖాజాబీకి వీసాలు తెప్పించింది కూడా నేనే. మాది ఒకే ఊరు. అందుకే నసీమాకు నేను పెదనాయనను.

ఇక పిల్ల సంగతి. ఇండియన్ స్కూల్లో ఒకటో తరగతి నుంచి మొదటి ర్యాంకు. వక్తృత్వంలో కప్పు, సైన్సు ప్రదర్శనలో మెడల్. ఎనిమిదో తరగతిలో కాలు తెగిన తోటపనివాడికి తన చున్నీతో కట్టుకట్టి రక్తం ఆపింది. ఆ రోజు నుంచి నేను ఆమెను డాక్టరమ్మా అనే పిలిచాను. బంకు దగ్గర కారు ఆపిన ప్రతివాడికీ అదే చెప్పాను. అలాంటి పిల్లకు పన్నెండో తరగతి కెమిస్ట్రీలో యాభై నాలుగు వచ్చింది. ఒక ఏడాది ఇంట్లో ఉండి, హసన్ సార్ ట్యూషన్లో తనకంటే చిన్నపిల్లల మధ్య కూర్చుని, ఇంప్రూవ్‌మెంట్ పరీక్ష రాసి ఎనభై ఒకటి తెచ్చుకుంది. ఇక్కడే ఒమన్‌లో ఒక వైద్య కళాశాల ఇంటర్వ్యూకు పిలిచింది. అందులో ఒకే ఒక్క సీటుకు ఫీజు మాఫీ. అది వస్తేనే చదువు, రాకపోతే లేదు. బాషా బంకు మీద ఆ ఫీజు కట్టడం కలలోమాట.

ఇంటర్వ్యూలో ఆ యాభై నాలుగు గురించీ, పోయిన ఏడాది గురించీ అడగకుండా ఉండరు. ఏం చెప్పాలి? అది ఖరీఫ్, అంటే ఇక్కడి తుంపర్ల కాలం, చల్లదనానికి జనం ఎగబడే సీజను. సన్నటి తుంపర పడుతోంది. జనం కాస్త పలచబడిన వేళ చూసి నేను ఖాళీ పెట్టె మీద ఇంటర్వ్యూ చేసే డాక్టరులాగా కూర్చున్నాను.

"కెమిస్ట్రీలో మార్కులు ఎందుకు తగ్గినాయమ్మా?" అని గొంతు బిగించి అడిగాను.

నసీమా నోరు తెరవకముందే బాషా అందుకున్నాడు. "టైఫాయిడ్ వచ్చిందని చెప్పు బేటా. డాక్టర్లు గదా, జాలిపడతారు."

గల్ఫులో డ్యూటీకి పోనివాడికి జ్వరమే దిక్కు. ఫోర్‌మన్ దగ్గర ఇంకో కారణం చెల్లదు. ఆ అలవాటు మా అందరి ఒంట్లోనూ ఇంకిపోయింది. అందుకే బాషా మాటలో తప్పేమీ నాకు కనపడలేదు. జబ్బు మాత్రం చిన్నదనిపించింది.

"టైఫాయిడ్ చాలదబ్బీ. పచ్చకామెర్లని చెప్తే నెలలు పడుకోవచ్చు" అన్నాను.

అరటిపళ్ల అత్తాలు వేలాడగడుతున్న ఖాజాబీ గయ్యిమంది. "బిడ్డకు జబ్బు అంటగట్టబాకండి! నాకొచ్చిందని చెప్పు నసీమా. గుండెజబ్బు."

"నీకు గుండెజబ్బా? నిన్న గ్యాసుబండ నువ్వొక్కదానివే దొర్లించుకుంటా వస్తివి గదే!" అన్నాడు బాషా.

"అది వాళ్లకేం తెలుస్తాది?"

నసీమా నవ్వుతూ నా వైపు తిరిగింది. "పెదనాయనా, నువ్వు డాక్టరువి గదా, అడుగు మళ్లా."

"ఏ ఆసుపత్రిలో చూపించుకున్నావు?" అన్నాను.

"ఊరికి పోయి నాటుమందు తాగిందని చెప్పు" అన్నాడు బాషా.

"డాక్టర్ల ముందర నాటుమందా? నీ తెలివి తెల్లారినట్టే ఉండాది!" అంది ఖాజాబీ.

"అయితే ఎక్స్‌రే తీసినారని చెప్పు" అన్నాడు బాషా.

"కామెర్లకు ఎక్స్‌రే ఏందన్నా?" అని ఖాజాబీ నన్నే కసిరింది, ఆ మాట అన్నది నేనైనట్టు.

నసీమా నవ్వు ఆగిపోయింది. "అబ్బా, జబ్బు గురించి అబద్ధం చెప్పాలంటే మనకు డాక్టర్లే దొరికినారా? నేను జరిగిందే చెప్తా."

"జరిగిందేందమ్మే?" అన్నాను. నిజానికి అది మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

"క్లాసులో అర్థం కాలేదు. కాలేదని అడగలేదు. అందరూ డాక్టరమ్మా, డాక్టరమ్మా అంటా ఉంటే, డాక్టరమ్మకు మోల్ లెక్కలు రావంటే నవ్వుతారనుకుంటి. వచ్చినట్టు తలూపుతా కూర్చుంటి. అంతే."

బాషా టెంకాయ చెక్కడం ఆపేశాడు. నాకు లేచి పోదామనిపించింది. కానీ పెట్టె మీద కూర్చున్నది డాక్టరు గదా, లేవకూడదు.

"సరే. అయితే ఇప్పుడు అర్థమైందని మాకేం నమ్మకం?" అని అడిగాను.

ఆ ప్రశ్న నేనే వేశాను, ఎవరూ నేర్పలేదు. నసీమా కళ్లు పెద్దవి చేసి నన్ను చూసింది. "ఇదే పెదనాయనా! వాళ్లు అడిగేది ఇదే!" అని ఎగిరి గంతేసింది. ఆ పూటంతా అదే ప్రశ్నను అటు తిప్పి, ఇటు తిప్పి అడిగాను. మధ్యలో కార్లు ఆగితే నీళ్లు కొట్టిచ్చి మళ్లీ మొదలుపెట్టాం.

ఇంటర్వ్యూ మస్కట్ అజైబాలో, ఆ కళాశాల ఆఫీసులో. సీజను వదిలి బాషా రాలేడు. ఖాజాబీ, నేను తోడు వెళ్లాం. ఎడారి దాటి బస్సు దిగితే సలాలా చల్లదనం ఎక్కడా లేదు, నిప్పుల కొలిమి. నసీమా లోపలికి పోయింది. ఖాజాబీ తస్బీ పూసలు తిప్పుతూ ప్రార్థన చేస్తోంది. నేను వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ నడిచాను. తలుపు వెనక నుంచి ఉన్నట్టుండి పెద్ద నవ్వులు వినిపించాయి. ఖాజాబీ నా చెయ్యి పట్టుకుంది. "ఎగతాళి చేస్తాండారేమో అన్నా!"

నసీమా మొహమంతా వెలిగిపోతూ బయటికొచ్చింది. చెప్పడం మొదలుపెడితే ఆపలేదు. లోపల ముగ్గురున్నారట. నడుమ కూర్చున్న ఒమానీ డాక్టరమ్మే అడిగిందట యాభై నాలుగు గురించి. ఈ పిల్ల ఉన్నదున్నట్టు చెప్పిందట.

"మళ్లా అర్థం కాని సబ్జెక్టు వస్తే ఏం చేస్తావని అడిగినారు పెదనాయనా. ఈ ఏడాది ఏం చేసినానో అదే చెప్తి. పేజీ చదివినాక అమ్మీకి తెలుగులో చెప్పేది, యాడ మాట తడబడితే ఆడ నాకు రానట్టు, తెల్లారి హసన్ సార్‌ను అడిగేది. ఇట్లా చెప్పమని నీకెవరు నేర్పినారని ఆ మేడం అడిగె. మా ఇంట్లో మూడు జబ్బులు నేర్పినారు మేడం, నాకు ఒక్కటీ నచ్చలేదంటి!"

"యా అల్లా! అట్లా అంటివా?" అని ఖాజాబీ నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"గుండెజబ్బు ఎవరికని కూడా అడిగినారు అమ్మీ! బయట కూర్చోనుందని చెప్తి."

నేను నవ్వాను గానీ, నవ్విన వాళ్లందరూ సీటు ఇవ్వరు గదా.

కబురు వచ్చేసరికి సలాలా కొండలు పచ్చగా నిగనిగలాడుతున్నాయి. బంకు ముందు కార్లు బారులు తీరాయి. నసీమా ఫోను చూసి అరిచిన అరుపుకు పక్క బంకు మలయాళీలు కూడా పరిగెత్తుకొచ్చారు. సీటిచ్చారు, ఫీజు మాఫీతో సహా. అయితే మొదటి ఏడాది కెమిస్ట్రీకి వేరే క్లాసుకు తప్పకుండా పోవాలని షరతు పెట్టారు.

"మళ్లా కెమిస్ట్రీనా? అంటే ఇచ్చినట్టా, ఇయ్యనట్టా?" అన్నాడు బాషా.

"ఇచ్చినట్టే అబ్బా! ఇచ్చినట్టే!"

ఖాజాబీ కూతురి మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని ముద్దులు పెడుతూ ఏడుస్తోంది. నసీమా ఎలాగో విడిపించుకుని, ఆ కబురు కింద ఉన్న నంబరుకు అప్పుడే ఫోను కలిపింది.

"ఇంత తొందరేందమ్మే?" అన్నాను.

"క్లాసులు మొదలయ్యేలోగా ఆ కెమిస్ట్రీ టీచరుతో మాట్లాడొచ్చునేమో కనుక్కుంటా పెదనాయనా. అడగాల్సినవి ఇప్పటికే చానా ఉండాయి."

కార్లవాళ్లు హారన్లు మోగిస్తున్నారు. బాషా చేతిలో కత్తి పట్టుకునే రోడ్డు మీదికి పోయి, కాసేపు ఊరుకోమని అందరికీ సైగ చేస్తున్నాడు. అవతల ఎవరో ఫోనెత్తారు. నసీమా గొంతు సవరించుకుంది.