ఇమాముద్దీన్ డిమ్ము లైటు

పుంగనూరు ఇమాముద్దీన్‌కు లోకంలో ఒకటే పట్టుదల: రాత్రిపూట తన టార్చి వెలుగు ఎవరి కంట్లోనూ పడకూడదు. ఎవరి కంట్లోనూ అంటే మనుషుల సంగతే అనుకునేరు. కుక్క ఎదురొచ్చినా టార్చికి అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. ఎద్దు వస్తే ఏకంగా ఆర్పేసేవాడు. ఒకసారి సున్నం కొట్టిన మైలురాయికి కూడా డిమ్ము చేసి, "ముందర నువ్వు పో నాయనా" అని చాలాసేపు నిలబడ్డాడు.

పెళ్ళికొడుకులను ఊరేగించే తెల్లగుర్రం చాందినీ ఆయనదే. మదనపల్లె నుంచి కుప్పం దాకా దాని వీపెక్కని పెళ్ళికొడుకు తక్కువ. రామసముద్రం వైపు పెళ్ళయితే, ఊరేగింపు ముగిశాక లారీల రోడ్డు వదిలి గుట్ట కింది బండిబాటన దాని మీదే తిరిగొచ్చేవాడు. టార్చికి భార్య మైమూన్ బీ పాత ఎర్ర దుపట్టా ముక్క చుట్టి, వెలుగు గుర్రం కాళ్ళ ముందు మాత్రమే పడేలా వంచి పట్టుకునేవాడు.

ఇంకో ముసలి గుర్రం మీద వెనకాలే వచ్చే శిష్యుడు దేవేంద్ర విసుక్కునేవాడు. "అంత డిమ్ము యాల మామా? దోవ కనపడొద్దా?"

"గుర్రానికి కనపడతాదిలేప్పా. పెద్ద లైటు ఏస్తే దానికీ సీకటే. పైకి సూడు, అల్లా సందమామను ఎంత డిమ్ముగా పెట్టినాడో! ఆయనకేమన్నా కరెంటు కరువా?"

ఇమాముద్దీన్‌కు మోకాళ్ళు అరిగాయి. చాందినీ కళ్ళెం ఎవరికో అప్పగించాలి. దేవేంద్రకు ఆ గుర్రమంటే ప్రాణం. అడిగినప్పుడల్లా ఒకటే జవాబు: "నీకు లైటు పట్టుకొనేది వచ్చిననాడు ఇస్తా."

పౌరుషమొచ్చి దేవేంద్ర నెత్తికి కట్టుకునే లైటొకటి కొనుక్కొచ్చాడు. వేస్తే గుట్ట మీది కోతికి పళ్ళెన్నో లెక్కపెట్టవచ్చు.

"పట్టుకొనే పనే లేదు మామా, సూడు!" అంటూ ఇటు తిరిగాడు. ఇమాముద్దీన్ కళ్ళు బైర్లు కమ్మాయి. మాట్లాడటానికి తిరిగినప్పుడల్లా ఇదే వరస.

"రేయ్, నోరన్నా మూసుకో, తలన్నా ఇంట్లో పెట్టి రా!"

గుట్ట మలుపులో కమలాక్షమ్మ ఇల్లు. అక్కడికి రాగానే ఇమాముద్దీన్ ఆ డిమ్ము లైటు కూడా ఆర్పేస్తాడు. చాందినీ మాత్రం ఆమె గోడ పక్కన ప్రతిసారీ ఆగి, చీకట్లో ఏదో నములుతుంది. "గడ్డి కొరుకుతాంది" అని గుసగుసలాడతాడాయన. మామకు దెయ్యాల భయమని దేవేంద్ర నమ్మకం.

"ఆర్పప్పా, ఆర్పు!" అన్నాడు ఇమాముద్దీన్ ఆ రాత్రి కూడా.

"యాల మామా?" అని దేవేంద్ర తల తిప్పాడు. వెలుగు సూటిగా కిటికీలో పడింది.

లోపల గాజులు గలగలమన్నాయి. "వచ్చినారా నాయనా! కాళ్ళు కడుక్కోండి, సంగటి కెలుకుతాండా!"

"అయిపాయ!" ఇమాముద్దీన్ నెత్తి పట్టుకున్నాడు. "వాకిట్లో ఎలుగు పడితే ఆకలిగొన్నోళ్ళు వచ్చినారని ఆయమ్మ లెక్క. డెబ్బై ఐదేండ్ల మనిషి! ఒకసారి నా టార్చి సూసి లేసి, మూడు ముద్దలు తినిపించి, తెల్లారి నడుము పట్టేసి మంచమెక్కింది. ఆ పొద్దు నుంచి ఆర్పుతాండా."

ఆయన కాళ్ళు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి తడుముకుంటూ వెళ్ళాడు. దేవేంద్ర తెల్లబోయి చాందినీ వైపు తిరిగాడు. గోడ మీద సత్తుగిన్నె, నిండా నానిన ఉలవలు. గుర్రం మూతి అందులోనే ఉంది.

నోరు తెరవబోతుంటే, ముద్ద పట్టుకొచ్చిన కమలాక్షమ్మ పెదవుల మీద వేలు పెట్టింది. "ఆయప్పకు సెప్పొద్దు నాయనా. అంత పాటుపడి ఆర్పుకోని పోతాడే, నేను మేలుకోనుండానని తెలిస్తే నొచ్చుకుంటాడు. ఆ పక్క మేళం వినపడిన పొద్దల్లా ఉలవలు నానేస్తా. నోరులేని జీవి, ఎంత దూరమని నడస్తాది?"

దేవేంద్ర లైటు టక్కున ఆర్పేశాడు. తిరిగొచ్చిన ఇమాముద్దీన్‌కు గిన్నె కనపడలేదు. ముద్ద మాత్రం చేతికి అందింది.

తర్వాతి పెళ్ళినాడు, మలుపు ఇంకా కొంత దూరం ఉందనగానే, ఎవరూ చెప్పకుండానే దేవేంద్ర లైటు ఆరింది. చాందినీ ఆగింది, నమిలింది.

"గడ్డి కొరుకుతాంది" అన్నాడు ఇమాముద్దీన్.

"ఔ మామా, గడ్డే."

లోపలి నుంచి కమలాక్షమ్మ గురక వినిపించింది. మేలుకొని ఉన్నవాళ్ళు మాత్రమే పెట్టగలిగినంత శ్రద్ధగల గురక.

మలుపు దాటాక ఇమాముద్దీన్ మెల్లగా దిగి, చాందినీ కళ్ళెం దేవేంద్ర చేతిలో పెట్టాడు.

"నీకు లైటు పట్టుకొనేది వచ్చిందప్పా."