ఎండిన కుండీలో నాడి

కింది ఫ్లాట్ నర్సాంటీ మధ్యాహ్నం నిద్రలోనే పోయారని అమ్మ వచ్చి చెప్పినప్పుడు నేను ఏడవలేదు. "మరి ఆ కుండీలకి నీళ్ళెవరు పోస్తారు?" అన్నాను. అంతే. నాకు మనసు లేదని నాన్న, ఏదో గాలి సోకిందని అమ్మ తేల్చేశారు. డిగ్రీ చదివి నోయిడాలో ఉద్యోగం చేస్తున్నా, మా ఇంట్లో నా మాటకి అర్థం వాళ్ళే చెబుతారు.

ఆంటీది కాకినాడ వైపు. మిలటరీ ఆసుపత్రుల్లో పనిచేస్తూ కొండ ఊళ్ళన్నీ తిరిగారు. రిటైరయ్యాక నోయిడా పక్కన మా ఇందిరాపురం అపార్ట్‌మెంట్ సొసైటీలో గ్రౌండ్ ఫ్లోర్ కొన్నారు. ఎండ తగలని ఉత్తరపు బాల్కనీ చూసే కొన్నారట, కొండల నుంచి తెచ్చుకున్న పొటెన్‌టిల్లా కోసం. నేలబారుగా పాకే మొక్క, పసుపుపచ్చ పువ్వు. తోటపనికి వచ్చే మాలీ భయ్యా దాన్ని స్ట్రాబెర్రీ అనేవాడు. నేనూ అదే అనుకున్నాను.

"పువ్వు చూసి పేరు పెట్టెయ్యకు నాన్నా. అడవి స్ట్రాబెర్రీల్లోనూ ఈ రంగు పూసేదుంది. కాడ పట్టుకో. మూడాకులుంటే అది, అయిదుంటే ఇది," అన్నారు ఆంటీ. మీరెప్పుడైనా నర్సరీలో కొంటే అలాగే చూడండి. కరెంటు పోయిన సాయంత్రాల్లో ఆమె వేళ్ళతో తడిమే చెప్పేవారు. ఆ మసకలో ఆకు మరో చిన్న చెయ్యిలా ఉండేది. ఎవరు ఎవర్ని పట్టుకున్నారో తెలిసేది కాదు.

నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుందని మట్టిలో ఇసుక బాగా కలిపేవారు. మే నెల వడగాలికి మొక్కంతా ఎండుగడ్డిలా పడిపోయేది. మొదటి వేసవిలో నేను పీకబోతే ఆపారు. ఎండిన మొదలు మీద రెండు వేళ్ళు ఆనించి, ఛాతీకి తలకిందులుగా పెట్టుకున్న నర్సుల గడియారం చూస్తూ కూర్చున్నారు.

"ఏంటాంటీ, నాడి చూస్తున్నారా?"

"నవ్వకు. రెండోసారి చూడకుండా ప్రాణం పోయిందని చెప్పకూడదు." ముల్లు ఒక చుట్టు తిరిగాక, "ఉందిలే," అన్నారు.

వానలకి అది లేచింది. ఏదైనా పోయిందంటే వెంటనే నమ్మకపోవడం నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఆమెని శవపెట్టెలో పడుకోబెట్టినప్పుడు, రెండోసారి ఎవరైనా చూశారా అని అడగాలనిపించింది.

ఆంటీ కొడుకు తాళంచెవి మా ఇంట్లో ఇచ్చి వెళ్ళాడు. ఆఫీసు క్యాబ్ దిగి నేరుగా ఆ ఫ్లాట్‌కే వెళ్ళేదాన్ని.

"పోయినావిడ ఇంట్లో రోజూ ఏం చేస్తావే?" అంది అమ్మ.

"నీళ్ళు పోస్తున్నా."

"ఎండిపోయినవాటికా?"

మే చివర్లో పుణె నుంచి ఆంటీ కొడుకు ఫోన్ చేశాడు. "ఫ్లాట్ అద్దెకిచ్చేస్తున్నా. ఆ గమ్లాలన్నీ సూఖ్ గయే కదా, ఫేంక్ దో యార్." ఎండిపోయిన కుండీలు పారేయమంటున్నాడు.

ఆ సాయంత్రం ఒక్కో కుండీలో వేళ్ళు ఆనించి చూశాను. నాకేమీ తెలియలేదు. లేవబోతుంటే కనిపించింది, ఒక తీగ. బాల్కనీ తలుపు కింది సందులోంచి గదిలోకి వెళ్ళిపోయింది. లోపల, గోడ చెమ్మకి నానిన గోనెపట్టాలో వేరూనింది. పాలిపోయిన ఆకులు, నేల మీద పరిచిన అరచేతుల్లా. మొక్కలు వెలుతురు వైపు తిరుగుతాయని చదువుకున్నాను. ఇవి బాల్కనీకి వీపు పెట్టి, ఆంటీ మంచం వైపు తిరిగి ఉన్నాయి. కాడ పట్టుకుని లెక్కపెట్టాను. అయిదు. మళ్ళీ లెక్కపెట్టాను.

పైకి తీసుకెళ్తే బతకదు. మాది నాలుగో అంతస్తు, పడమటి ఎండ. ఆంటీ ఇచ్చిన పిలక అక్కడ నిలవలేదు.

ఆంటీ కొడుక్కి ఫోన్ చేసి, ఫ్లాట్ నేనే అద్దెకి తీసుకుంటానన్నాను.

"అకేలీ? ఒక్కదానివేనా? ఆ రూమ్‌లోనే మమ్మీ..." అన్నాడు.

"తెలుసు," అన్నాను.

అమ్మ మాట్లాడటం మానేసింది. పాస్టరుగారి చేత ప్రార్థన చేయించి వెళ్ళమన్నాడు నాన్న. ఒకటో తారీఖున ఆ ఫ్లాట్‌లోకి దిగుతున్నాను. మంచం జరపను.