అభిజిత్తుకూ దుమ్మే

ఎనభై మూడు వానాకాలంలో ఒకరోజు, నరసరావుపేట రీడింగ్ రూములో ఇంగ్లీషు పేపరు చదువుతుంటే నాకు చేతులు చల్లబడిపోయాయి. చావు కబురు కాదు, పరీక్షల ఫలితమూ కాదు. లోపలి పేజీలో ఎరువుల ప్రకటన కింద ఇరికించిన చిన్న వార్త. అభిజిత్ నక్షత్రం చుట్టూ దుమ్ము ఉందట.

నమ్మలేక మళ్ళీ చదివాను. ఆడపిల్ల ఒక్కతే వచ్చి పేపరు పట్టుకు కూర్చోవడమే నచ్చని పెద్దమనిషి ఒకాయన ఎదురుగా ఉన్నాడు. నా మొహం చూసి ఆయనకే జాలేసినట్టుంది.

"ఏందమ్మా, ఎవరన్నా పోయారా?" అన్నాడు.

"లేదండీ," అన్నాను.

ఒక చుక్క చుట్టూ దుమ్ముంటే నాకేమిటి నష్టం అంటే, నా పని గురించి కాస్త చెప్పాలి. అప్పుడు నేను హైదరాబాదులో పరిశోధన చేస్తున్నాను, సెలవుకి ఇంటికి వచ్చి ఉన్నాను. ముసలి నక్షత్రాలు తమ చుట్టూ దుమ్మును వదులుతాయి. ఆ దుమ్ము కంటికి కనబడదు కానీ నక్షత్రం వేడికి కాగి, పరారుణ కిరణాలను పంపిస్తుంది. ఇస్త్రీపెట్టె చూడ్డానికి నల్లగానే ఉన్నా చెయ్యి దగ్గర పెడితే తెలుస్తుంది కదా, అలాగ. దుమ్ము లేని ఒట్టి నక్షత్రం నుంచి ఎంత పరారుణం రావాలో ముందే లెక్క కట్టవచ్చు. అంతకు మించి వస్తే, ఆ మించినది దుమ్ముది. నా మూడేళ్ళ కష్టమంతా ఆ మించినదాన్ని పట్టుకోవడమే.

అయితే మించింది అని చెప్పాలంటే ముందు పోల్చుకోవడానికి ఒక నక్షత్రం కావాలి. మచ్చలేనిది, మాట మార్చనిది. లోకంలో ఖగోళం చదివినవాళ్ళందరికీ ఆ నక్షత్రం అభిజిత్తే. రాత్రి పని మొదలుపెట్టే ముందు దూరదర్శిని దానివైపు తిప్పి, అది ఇచ్చే అంకెను సరి అనుకుని, మిగతావాటిని దానితో పోల్చేవాళ్ళం. ఇప్పుడు మూడు దేశాలు కలిసి ఎగరేసిన ఉపగ్రహం ఒకటి, తన వేడి తనకే అడ్డు రాకుండా గడ్డకట్టించిన దూరదర్శినితో ఆకాశమంతా గాలిస్తోంది. దాని చూపు సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి వాళ్ళూ అభిజిత్‌నే చూశారు. రావలసినదానికన్నా ఎక్కువ వేడి వచ్చింది. పరికరం తప్పేమోనని ముందు దాన్నే అనుమానించారట. తప్పు పరికరానిది కాదు.

అంటే ఇన్నాళ్ళూ నేను దుమ్మున్న దాన్ని పక్కన పెట్టుకుని ఊళ్ళో వాళ్ళందరి దుమ్మూ లెక్కపెడుతున్నానన్నమాట. నా థీసిస్ అయ్యేదాకా పెళ్ళి మాట ఎత్తొద్దని మా నాయన చుట్టాలందరి నోళ్ళూ మూయించి ఉన్నాడు. ఆ థీసిస్ కాస్తా మట్టిగొట్టుకుపోయిందనే అనుకున్నాను.

తిన్నగా పోస్టాఫీసుకు వెళ్ళి, హైదరాబాదులో మా గైడుకు ట్రంకాల్ బుక్ చేశాను. లైను కలిసేసరికి వాన మొదలైంది. నేను అరవడం, ఆయన అరవడం, పోస్టాఫీసులో ఉన్నవాళ్ళంతా పని మానుకుని వినడం.

"నువ్వు ఏ వేవ్‌లెంగ్త్‌లో చూశావమ్మా?"

"రెండు, మూడు మైక్రాన్లలో సార్."

"వాళ్ళకి ఎక్కువ కనబడింది ఇరవై దాటాక. అది చల్లటి దుమ్ము, నక్షత్రానికి దూరంగా ఉంది. నువ్వు చూసిన దగ్గర దాని జాడ తెలిసేంత ఉండదు. నీ అంకెలకేమీ కాదు."

ప్రాణం లేచొచ్చింది. అయినా ఊరుకోలేకపోయాను. "మనలో ఒక్కరికీ అనుమానం ఎందుకు రాలేదు సార్?"

"అనుమానం వచ్చేదాన్ని స్టాండర్డుగా పెట్టుకోం కదమ్మా," అన్నాడాయన.

ఆ మాట బుర్రలో తిరుగుతుండగా నాయన దుకాణానికి వెళ్ళాను. మాది దూదేకుల కుటుంబం, ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాం. మార్కెట్టు పక్కన నాయనకు కాటాలు, తూకం రాళ్ళు బాగుచేసే దుకాణం ఉండేది. పత్తి, మిరప చేతికి రాకముందే వ్యాపారులు తమ రాళ్ళు తెచ్చి సరిచేయించుకునే రోజులవి. పోత ఇనుము రాయికి అడుగున చిన్న గుంట ఉంటుంది. అరిగిపోయిన రాయి అయితే ఆ గుంటలో సీసం కరిగించి పోస్తారు, బరువెక్కితే తొలుస్తారు. ఏది తక్కువో ఏది ఎక్కువో తేల్చేది మాత్రం నాయన సొంత రాయి. దాన్ని ఆకుపచ్చ గుడ్డలో చుట్టి, గూట్లో పెట్టి ఉంచేవాడు. శుక్రవారం నమాజు నుంచి రాగానే నూనె గుడ్డతో తుడిచేవాడు. దాన్ని ఇంకొకరు ముట్టుకోకూడదు, దానికి ఇనుప వస్తువేదీ తగలకూడదు.

నేను చెప్పిందంతా నాయన పని ఆపి విన్నాడు.

"అంటే ఏంది అమ్మాయ్, అందరూ సరిచూసుకునే చుక్కకే దుమ్మా?"

"అవును నాయనా."

"మరి దాన్ని ఎవురూ తూచలేదా?"

"దాంతోనే అన్నీ తూస్తాం. దాన్ని దేంతో తూస్తాం?"

నాయన పకపకా నవ్వాడు. "చానా చదువులు చదివారే మీరంతా."

పొద్దున్నుంచీ బిగబట్టుకుని ఉన్నానేమో, నాకు ఒళ్ళు మండింది. "నీ రాయిని ఎవరు తూచారు నాయనా?"

నవ్వు ఆగిపోయింది. "అది మా నాయన గుంటూర్లో ముద్దర కొట్టించి తెచ్చిన రాయి."

"ఆ తర్వాత?"

"దానికి తర్వాతేంది?" అంటూనే లేచి గూట్లోంచి తీశాడు. నాకు బుద్ధి చెబుదామనే తీశాడు. అప్పుడే సరిచేసి పెట్టిన ఒక వ్యాపారి రాయిని ఒక తట్టలో, తన రాయిని రెండో తట్టలో ఉంచాడు. ముల్లు నడిమధ్యన నిలబడింది. చూశావా అన్నట్టు నావైపు చూశాడు. తర్వాత తన రాయిని బోర్లించాడు, కింద గుంటలో ఏమీ లేదని చూపించడానికి. గుంట నల్లగా, నున్నగా, ఇనుములాగే ఉంది. గోటితో గీకాడు. గోరు దిగింది.

ఏ ఇనుమూ తగలకూడదన్న మనిషి తనే బ్లేడు తీసుకున్నాడు. శుక్రవారం శుక్రవారం పూసిన నూనె, దానిమీద మార్కెట్టు దుమ్ము, మిరప దుమ్ము, మళ్ళీ నూనె. పెచ్చులు పెచ్చులుగా ఊడి అరచేతిలో పడింది. రాయిని తిరిగి తట్టలో పెట్టాడు. వ్యాపారి రాయి ఉన్న తట్ట మెల్లగా కిందికి దిగింది. ఒకటి రెండుసార్లు ఊగి, కిందే ఉండిపోయింది.

నాయన ముల్లువైపు చూస్తూ ఉండిపోయాడు. తేడా పెద్దదేమీ కాదు. ఏటా వచ్చే ఇనస్పెక్టరు, చట్టం ఒప్పుకునే తేడాలోపే ఉందని వదిలేసేంత చిన్నది. కానీ ఆ కాస్త బరువు మార్కెట్టులో ఎన్ని రాళ్ళలోకి ఎక్కిందో మా ఇద్దరికీ తెలుసు. రాయి బరువైతే రైతు అంత మేరకు ఎక్కువ సరుకు పొయ్యాలి.

మర్నాడు నాయన రాయి సంచిలో వేసుకుని గుంటూరు వెళ్ళాడు. గీకిన రాయే సరైనదని అక్కడ తేలింది. తిరిగొచ్చి దుకాణాలు పట్టుకుని తిరిగి, తను సరిచేసిన రాళ్ళన్నీ వెనక్కి తెప్పించుకుని ఒక్కొక్కటే తొలవడం మొదలుపెట్టాడు. "సాయిబూ, సర్కారోడే వదిలేసిందానికి నువ్వెందుకయ్యా ఇదైపోతావు?" అని వ్యాపారులు ఎగతాళి చేశారు. ఆయన తల ఎత్తకుండా ఇంకో రాయి బోర్లించుకున్నాడు.

తర్వాత అదే ఉపగ్రహం సర్వేలో ఇంకా కొన్ని దగ్గరి నక్షత్రాల చుట్టూ అలాంటి చల్లటి దుమ్మే బయటపడింది. గ్రహాలు పుట్టే చోట, పుట్టి మిగిలిన చోట అలాంటి దుమ్ము ఉంటుందని మావాళ్ళు సంబరపడ్డారు. నా థీసిస్ చెక్కుచెదరకుండా పూర్తయింది. పట్టా తీసుకుని ఇంటికి వచ్చిన రోజు ఆ సంగతులన్నీ నాయనకు చెప్పాను. ఆయన ఒళ్ళో ఒక పాత రాయి బోర్లించి ఉంది, చేతిలో తొలిచే పనిముట్టు ఉంది. ఇంకా ఆ పని తెమల్లేదు.

"ఇంతకీ ఆ అభిజిత్తు దుమ్ము వల్ల ఎవురికన్నా నష్టం జరిగిందా?" అని అడిగాడు.

"లేదు నాయనా. ఎవరికీ ఏమీ కాలేదు."

తల ఊపి, రాయిలోంచి రాలిన సీసం పొడిని అరచేత్తో ఒకచోటికి చేర్చాడు.

"నా దుమ్ముకి నకరికల్లు రైతు మిరపకాయలు పోశాడమ్మా," అన్నాడు.